గీతలు లేని నిశానీ

“ఎడమచేతి బొటనవేలమ్మా” అన్నాడు జగన్నాధం, స్టాంపు ప్యాడు మూత తీసి బల్ల అంచుకి జరుపుతూ.

పిల్ల చెయ్యి చాపలేదు. కొంగు చాటున ఉన్న చేతిని ఇంకాస్త లోపలికి లాక్కుంది. పక్కనున్న బుల్లమ్మ ఎండుచేపల గంప అరుగు మీదికి దించి, ఆ చేతిని తనే బయటికి తీసి బల్ల మీద పెట్టింది.

“సిగ్గుపడితే ఎలాగే నీలవేణీ. గుమస్తా బాబు మనోడే. సూపించు.”

నరసింగరావు ప్లీడరు గారి దగ్గర ఇరవై రెండేళ్ళుగా గుమస్తా జగన్నాధం. శ్రీకాకుళం కోర్టుకొచ్చే వేళ్ళలో అతను చూడని వేలు లేదు. ఊడ్పులకి వంగి పగిలిన వేళ్ళు, వల తాళ్ళు లాగి అరిగిన వేళ్ళు, సున్నంలో నానిన వేళ్ళు. అరిగిన వేలైతే కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, కాసేపు ఆరనిచ్చి, గోరు పక్కనుంచి మెల్లగా దొర్లిస్తాడు. జగన్నాధం చేతికి పడని నిశానీ లేదని కోర్టు వరండాలో పేరు. ఆ పేరంటే అతనికి కాస్త గర్వం కూడాను.

ఈ చెయ్యి వేరు. అరచెయ్యంతా కొత్త చర్మం ఎర్రగా బిగుసుకుపోయి మెరుస్తోంది. బొటనవేలు అరచేతిలోకి వంగిపోయింది. దాని చివర గాజుపెంకు వెనకవైపులా నున్నగా ఉంది.

అతను నూనె గుడ్డ తీశాడు, మళ్ళీ పక్కన పెట్టేశాడు. వేలిని నొప్పి పుట్టకుండా రెండువేళ్ళతో పట్టుకుని ప్యాడు మీద ఆనించి, వకాలతు కాగితం మీద దొర్లించాడు. ఒక్క గీత పడలేదు. నల్లటి మచ్చ పడింది.

“ఎలా కాలిందమ్మా?”

నీలవేణి గోడకేసి చూసింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. సముద్రానికి వెళ్ళిన మొగుడు తిరిగి రాకపోతే, మూడేళ్ళ కిందట ఏటొడ్డు ఆశ్రమంలో పిండి రుబ్బడానికి చేరింది. ఆ మాటలన్నీ బుల్లమ్మే చెప్పింది. అక్క కూతురట. వారంవారం జగన్నాధం ఇంటికి ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చే మనిషి బుల్లమ్మ, అందుకే అంత దూరం నడిచి అతని దగ్గరికే తీసుకొచ్చింది.

“కర్పూరం బాబూ” అంది బుల్లమ్మ. “మనకాడ అబద్ధమాడనేదని కర్పూరం ఆర్పుతారు గదా? సటుక్కున సెయ్యేసి తీసెత్తారు. అదీ పెమానం. ఈ గుంటకి సేరెడు కర్పూరం సేతిలో పోసి ఎలిగించీసినారు. మణికట్టు ఇద్దరు పట్టుకున్నారు, అంతా అయిపోయేదాకా.”

“దేనికి?”

“సిన్నస్వామి రాత్తిరేళ ఆడోళ్ళు పడుకునే కొట్లోకి వస్తన్నాడని, సెయ్యట్టుకు లాగినాడని భజనలో అందరి ముందరా సెప్పీసింది. నిజమైతే నిప్పంటదు, ఒట్టెయ్యన్నారు.”

జగన్నాధం గుడ్డ అందుకున్నాడు. గుడ్డతో నీలవేణి వేలికున్న సిరా తుడవబోతే ఆమె చెయ్యి లాక్కుని తన కొంగుతో తనే తుడుచుకుంది.

వాళ్ళ వైపు పోలీసు ఠాణాలో రెండుసార్లు కూర్చోబెట్టి పంపేశారట. “స్వామి మీద కంప్లయింటా, కళ్ళు పోతాయి” అన్నాడట అక్కడి రైటరు. సరే, కోర్టులోనే వేద్దాం అన్నాడు జగన్నాధం. ఫీజు సంగతి అయ్యగారితో తను మాట్లాడతానన్నాడు. కుడిచేతి వేలు కూడా వేయిద్దామా అని అడిగాడు, అది చక్కగా పడుతుందని.

అప్పుడు నోరు విప్పింది నీలవేణి.

“కాలింది ఈ సెయ్యి గదా బాబూ. ఇదే ఎయ్యాల.”

అతను అర్జీ రాసి దాని కిందా అదే నిశానీ వేయించి, వకాలతు కింద 12-8-68 అని తేదీ వేశాడు. అయ్యగారు కోర్టులో ఉన్నారు. ఆయన చూడకుండా వకాలతు తీసుకోవడం కొత్తేమీ కాదు, రోజూ జరిగే పనే. ఏటొడ్డు ఆశ్రమం కమిటీకి అధ్యక్షుడు తమ అయ్యగారేనని జగన్నాధానికి తెలీకపోలేదు. తెలిసే ఆ పని చేశాడు. పరాయి ప్లీడరైతే రచ్చ చేస్తాడు, మన అయ్యగారైతే ఆ ఇంటి మనిషి, ఒక్క మాటతో చిన్నస్వామిని గెంటిస్తారు అనుకున్నాడు. ఇరవై రెండేళ్ళు ఒకే నీడన కూర్చున్నవాడు చేసే పొరపాటు అది. ఇంకెవడూ చెయ్యడు.

*

మర్నాడు మంగళవారం పొద్దున్న నరసింగరావు గారు ఆ అర్జీని నిలబడే చదివారు. రెండో పేజీకి వచ్చాక కూర్చున్నారు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

“ఇదేమిటోయ్ ఈ మచ్చ?”

“నిశానీ అండి. వేలు కాలిపోయిందండి.”

“ఇది నిశానీ కాదు, మరక. రేపు ఎవడైనా కాదంటే ఏం చెబుతావు? పుండు మానాక రమ్మను. కొత్త గీతలొస్తాయి.”

అంత కాలిన వేలికి గీతలు మళ్ళీ రావని ఇద్దరికీ తెలుసు. జగన్నాధం ఆ మాట నోటిదాకా తెచ్చుకుని, మింగి, ఇంకోటి అన్నాడు.

“పోనీ కుడివేలు వేయిస్తానండి. ఈలోగా పెద్దస్వామి వారితో తమరొక మాట...”

“అవన్నీ నేను చూసుకుంటాను. వకాలతు తీసుకున్నావు కదా?”

“తీసుకున్నానండి.”

“మంచిపని చేశావు” అన్నారు నరసింగరావు గారు. అర్జీనీ వకాలతునీ కలిపి మడిచి బల్ల సొరుగులో పెట్టారు. తాళం తిప్పలేదు. ఆ సొరుగు తాళాలు జగన్నాధం మొలతాడునే ఉంటాయి.

తరువాత ఆయన ఉత్సాహంగా వేరే కట్ట ముందుకు తోశారు. ఆయన పేరు మునసబు కోర్టు జడ్జీ ఉద్యోగానికి పైకి వెళ్ళింది. నెలలో ఉత్తర్వులు రావచ్చునని బార్ అసోసియేషన్‌లో అందరూ అనుకుంటున్నారు. ఆ దరఖాస్తుకి యోగ్యతా పత్రాల నకళ్ళు మూడేసి కావాలి. జగన్నాధం చాప మీద కూర్చుని కాగితాలు అంచులు కలిపి, దబ్బనంతో మూడు కన్నాలు పొడిచి, పసుపు దారంతో కుట్టడం మొదలుపెట్టాడు. నాలుగో కాగితం ఆశ్రమం కమిటీ ఇచ్చినది. ‘ధర్మనిష్ఠాపరులు, దీనజన పక్షపాతి’ అని ఉంది. చదివాడు. దారం లాగాడు. ముడి వేశాడు. దారం అవసరానికి మించి బిగిసి కాగితం అంచు కాస్త చిరిగింది.

“నేనటు వెళ్ళాక నీ సంగతి మర్చిపోను. నిన్ను కోర్టులో కాపీయిస్టుగా వేయిస్తాను. సర్కారు జీతం. పింఛను కూడాను” అన్నారు ఆయన వెనకనుంచి.

జగన్నాధం లేచి నమస్కారం పెట్టాడు. పెట్టకుండా ఉండడం చేతకాలేదు. ఆ నమస్కారం తలుచుకుని ఇంటికెళ్ళేదాకా తనని తను తిట్టుకుంటూనే ఉన్నాడు.

*

బుధవారం వాళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. వర్షం వెలిసిన పొద్దు. బుల్లమ్మ అరుగు కింద బురద కాళ్ళు కడుక్కుంటోంది. నరసింగరావు గారు నల్లకోటు తొడుక్కుంటూ గుమ్మంలోకి వచ్చి, “ఏమ్మా, బాగున్నావా? కంగారు పడకు, పని అవుతుంది” అని, రిక్షా ఎక్కి వెళ్ళిపోయారు.

నీలవేణి స్తంభానికి ఆనుకుపోయింది. రిక్షా మలుపు తిరిగేదాకా అలాగే ఉంది.

“సిన్నమ్మా, పద పోదాం.”

“ఏటే? ఇప్పుడే గదా వచ్చినాం.”

“ఆ బాబు ఆయేళ ముందు వరసలో కూకున్నారు. పెద్దస్వామి పక్కన. నా సెయ్యి కాలతంటే కళ్ళు మూసుకోనేదు. సూసినారు.” జగన్నాధం వైపు తిరిగింది. “మీకు తెలుసా బాబూ?”

తెలీదని చెప్పాడు. నిజంగా తెలీదు. కానీ ఆ మాట తన చెవికే బొంకులా వినిపించింది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? పైగా ఆ చేనుని ఆ కంచెకి అప్పగించింది తనేనాయె.

“ఇంకో ప్లీడరు గారి దగ్గరికెళ్దాం పదండి” అన్నాడు. చెప్పులు వేసుకుని ముందు నడిచాడు.

అప్పలస్వామి ప్లీడరు చిన్నవాడు. కోర్టు ఎదుట రేకుల షెడ్డులో కూర్చుంటాడు. నీలవేణి చెప్పింది మొదటినుంచి చివరిదాకా విన్నాడు, మధ్యలో రెండుసార్లు తల పట్టుకున్నాడు. కలం తీసి ఏదో రాయబోతూ ఆగాడు.

“ముందు ఎవరికైనా వకాలతు ఇచ్చారా?”

జగన్నాధం తల వంచుకున్నాడు. అతనెవరి గుమస్తాయో అప్పలస్వామికి తెలియనిది కాదు.

“ఎంత పని చేశావయ్యా” అన్నాడు అప్పలస్వామి. “ఆయన ‘అభ్యంతరం లేదు’ అని రాసి సంతకం పెట్టి ఇస్తే తప్ప నేను ముట్టుకోకూడదు. ఇక్కడ ఎవడూ ముట్టుకోడు. పైగా ఆయన రేపు మునసబు.”

“నిశానీ సరిగా పడలేదండి. వకాలతు చెల్లదనొచ్చు కదండీ?”

“అనొచ్చు. ఆయన ముందు నిలబడి ఎవడంటాడు? నువ్వంటావా?”

అర్జీకి పనికిరాని వేలు, ఆ పిల్లని కట్టి పడెయ్యడానికి మాత్రం పనికొచ్చింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. జగన్నాధానికి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలీక రేకు షెడ్డు గుంజ మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. చెయ్యి నొప్పి పుట్టడం తప్ప ఏమీ కాలేదు.

సాయంత్రం అయ్యగారిని అడిగాడు. అడిగాడంటే అడిగాడు, గొంతు ఎవరిదో అన్నట్టుంది.

“ఆ ఆశ్రమం కేసు పిల్లకి వకాలతు తిరిగిచ్చేస్తే బాగుంటుందేమోనండి. మనకెందుకండీ తలనొప్పి.”

నరసింగరావు గారు పేపరు మీంచి తల ఎత్తలేదు. “కాగితం నా దగ్గరుంటే తలనొప్పి లేదు జగన్నాధం. బయటికెళితేనే తలనొప్పి. వినయం ఉన్నవాడివి, తెలివి కూడా తెచ్చుకో.”

ఆ రోజు భోజనాల దగ్గర అతని భార్య లక్ష్మణమ్మ నెత్తళ్ళ పులుసు వడ్డించింది. జగన్నాధం కంచం పక్కకి జరిపాడు.

“ఏటండీ, ఒంట్లో బాగోలేదా?”

అంతా చెప్పాడు. కాపీయిస్టు ఉద్యోగం సంగతి కూడా చెప్పాడు. లక్ష్మణమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది.

“బుల్లమ్మ మళ్ళీ వారం వస్తాది” అంది. “ఆవిడ గంప దింపితే నాను ఏ మొహంతో బేరమాడాల? అది సెప్పండి ముందు.”

*

గురువారం పంద్రాగస్టు. కోర్టుకి సెలవు. జెండా వందనం అయ్యాక నరసింగరావు గారు జేబుకి చిన్న జెండా గుచ్చుకునే ఇంటికొచ్చారు. జగన్నాధాన్ని కూడా రమ్మన్నారు, నకళ్ళ మీద సంతకాలు మిగిలాయని. పది గంటల వేళ సర్కిల్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముందే కబురంపాడు కాబట్టి ఇంట్లో ఉప్మా, జీడిపప్పు సిద్ధంగా ఉన్నాయి.

“ఏమీ లేదండి, పైనుంచి కాగితం వచ్చింది” అన్నాడు ఇన్‌స్పెక్టరు మొహమాటపడుతూ. కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి, మాట కృష్ణా జిల్లాది. “మునసబు పోస్టుకి పేరొచ్చిన వారి నడవడి గురించి నలుగుర్ని అడిగి రాసుకోవాలి. మీ గురించి అడగాలంటే నాకే సిగ్గుగా ఉంది.”

“అడగండి, అడగండి. విధి కదా.”

ఇన్‌స్పెక్టరు ఇద్దరు ప్లీడర్ల మాటలు, ఒక డాక్టరు గారి మాట అప్పటికే రాసుకున్నాడు. కాగితంలో నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి. చాప మీద కట్టలు సర్దుతున్న జగన్నాధం కనిపించాడు.

“ఈయనెవరు?”

“నా గుమస్తా. ఇరవై రెండేళ్ళ మనిషి. నా కంటే నా సంగతి వీడికే ఎక్కువ తెలుసు” అని నవ్వారు నరసింగరావు గారు.

“అయితే ఈయన మాటే రాసుకుంటాను. చెప్పండి, మీ అయ్యగారు ఎలాంటివారు?”

జగన్నాధం లేచి నిలబడ్డాడు. చేతిలో సంతకాల కట్ట ఉంది. పొద్దున్నే సొరుగు తీసి ఒక కాగితం ఆ కట్టలో పెట్టుకున్నాడు. నకళ్ళ మధ్యలో అడుగున పెట్టాడు. అయ్యగారు సంతకాలు చేసేటప్పుడు చదవరు, అంచు పట్టుకుని తిప్పుతూ పోతారు. అలా చదవకుండా పెట్టించేద్దామనే వచ్చాడు. రాత్రంతా ఆలోచించింది అదే. కానీ ఇప్పుడు ఆ కాగితాన్ని అడుగునుంచి తీసి పైన పెట్టాడు.

“అయ్యగారు పేదవాళ్ళ కాగితం ఏనాడూ ఆపలేదండి” అన్నాడు. “తమకి వీలుపడని కేసైతే వకాలతు ఆ రోజే తిరిగిచ్చేస్తారండి. ఇదిగో, చెయ్యి కాలిన ఒక పిల్ల కేసు. ఆశ్రమానికి సంబంధించినది. అయ్యగారు ఆశ్రమం కమిటీలో ఉన్నారు కాబట్టి తాను చూడకూడదని, ఇంకో ప్లీడరుకి ఇవ్వడానికి అభ్యంతరం లేదని, సంతకం పెట్టబోతున్నారండి. తమరు వచ్చారని ఆగారు.”

కాగితం అయ్యగారి ముందు పెట్టాడు. కలం మూత తీసి చేతికిచ్చాడు. వకాలతు కింద ‘అభ్యంతరం లేదు’ అన్న మాట జగన్నాధం ముత్యాల్లాంటి దస్తూరీలో రాసే ఉంది.

నరసింగరావు గారు కాగితాన్ని చూశారు, ఆ నల్ల మచ్చని చూశారు, గుమస్తాని చూశారు. కోపం రావడానికి కూడా ఆ గదిలో చోటు లేదు. కక్కలేక మింగలేక చిన్నగా దగ్గారు.

“చాలా పద్ధతైన పని” అన్నాడు ఇన్‌స్పెక్టరు, మనస్ఫూర్తిగానే, రాసుకుంటూ. “జడ్జీకి కావలసింది అదే. చెయ్యి కాలడం ఏమిటండీ?”

“ఆ... ఏదో వంట దగ్గర...” అంటూ నరసింగరావు గారు సంతకం పెట్టారు.

ఎప్పుడూ కింద గీత గీసి రెండు చుక్కలు పెడతారు. ఈసారి చుక్కలు పెట్టలేదు. జగన్నాధం సిరా ఆరేదాకా కాగితాన్ని ఊదుతూ నిలబడి, మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు జీపు వెళ్ళిపోయింది.

“ఇరవై రెండేళ్ళు, జగన్నాధం” అన్నారు నరసింగరావు గారు.

“అవునండి.”

“తాళాలు అక్కడ పెట్టి వెళ్ళు.”

మొలతాడునుంచి తాళాల గుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు. దబ్బనం మాత్రం తనది, సొంత డబ్బులతో కొనుక్కున్నది. పసుపు దారం ఉండలోంచి దాన్ని లాగి, జేబుకి గుచ్చుకుని మెట్లు దిగాడు. గెలిచిన సంతోషమేమీ లేదు. అయ్యగారి మంచితనం తన నోటితోనే సర్కారు కాగితం ఎక్కింది. ఆ ఉద్యోగం రేపు రానూవచ్చు. అది తలుచుకుంటే నాలుక చేదుగా ఉంది.

*

శుక్రవారం అప్పలస్వామి రేకు షెడ్డులో కొత్త అర్జీ రాశారు. జగన్నాధమే రాశాడు. వకాలతు కింద సంతకాన్ని అప్పలస్వామి మూడుసార్లు చూసి, “ఎలా పెట్టించావు?” అని అడిగాడు. జగన్నాధం తల ఎత్తకుండా రాస్తూనే ఉన్నాడు.

నిశానీ దగ్గరికి వచ్చేసరికి నీలవేణి తనే చెయ్యి చాపింది. ఎడమ చెయ్యే. జగన్నాధం నూనె గుడ్డ తియ్యలేదు. వేలిని ఆనించి, దొర్లించి, ఎత్తాడు. మొన్నటి మచ్చే పడింది. దాని కింద రాశాడు: ‘ఇది నీలవేణి ఎడమచేతి బొటనవేలి నిశానీ. వేలు కాలిపోయినందున గీతలు లేవు. నా ఎదుట వేసినది.’ ఆ కింద తన పేరు, తండ్రి పేరు, వీధి పేరు పెట్టాడు. ఇన్నేళ్ళలో వేలమంది పేర్లు రాశాడు, సాక్షిగా తన పేరు ఎక్కడా రాసుకోలేదు.

“సాక్షులెవరయ్యా?” అన్నాడు అప్పలస్వామి. “నువ్వు నిశానీకే సాక్షివి. కాలింది చూసినవాళ్ళు కావాలి. ఆశ్రమం ఆడవాళ్ళు వస్తారా?”

“ఆళ్ళు రారు బాబూ. వస్తే కూడెక్కడ?” అంది బుల్లమ్మ.

“మరి ఎవరున్నారు?”

నీలవేణి ముందుకి వంగింది. “ముందు వరసలో కూకున్న బాబు ఉన్నారు.”

అప్పలస్వామి కుర్చీలో వెనక్కి వాలాడు. పైన రేకుల మీద ఏదో కాకి నడుస్తోంది. జగన్నాధం అతని అనుమతి కోసం ఎదురుచూడలేదు. సాక్షుల జాబితా అని రాసి కింద గీత గీశాడు. ఒకటో నెంబరు వేశాడు. ఎం.ఏ., బి.ఎల్.తో సహా, ఒక్క పొల్లు పోకుండా, అయ్యగారి పూర్తి పేరు రాశాడు. ఆ పేరు అంత అందంగా ఇంకెవరూ రాయలేరు.

“అంత పెద్దాయన కోర్టుకొచ్చి నిజం సెప్తాడేటి బాబూ?” అంది బుల్లమ్మ.

“పిలిస్తే రావాలి. బోనెక్కి ప్రమాణం చెయ్యాలి, అబద్ధమాడనని.”

“కర్పూరం ఆర్పా?” నీలవేణి అడిగింది.

“కాదమ్మా. అక్కడ అలాంటివేం ఉండవు. నోటితో చెబితే చాలు.”

నీలవేణి తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. వేలి మీద సిరా ఇంకా తడిగా ఉంది.

“ఆళ్ళకి నోటితో సెప్తే సాలేటి?” అంది.